ముహూర్తం వేళ కెమెరా ఎవరి చేతిలో? విశాఖలో పెళ్ళి ఫొటోగ్రాఫర్‌ ఎంపిక

మాఘంలోనో వైశాఖంలోనో గట్టి ముహూర్తం ఉన్న రాత్రి గాజువాక నుంచి మధురవాడ దాకా ఒక్క కల్యాణ మండపమూ ఖాళీగా ఉండదు. పురోహితులు దొరకరు, సన్నాయి మేళం దొరకదు, వంటవాళ్ళు ఎప్పుడో మాట ఇచ్చేసి ఉంటారు. ఫొటోగ్రాఫర్లు మాత్రం ఎప్పుడడిగినా దొరుకుతారు. ఆ తేదీకి ఖాళీయేనా అంటే “మన టీము ఉంటుందండీ” అన్న జవాబు వస్తుంది. ఫొటోగ్రాఫర్‌ను వెతుకుతున్నవారు ముందుగా ఆగి ఆలోచించవలసింది ఆ ‘టీము’ దగ్గరే.

ఒక స్టూడియో ఆ రాత్రికి మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుందనుకోండి. యజమాని ఒకదానికి వెళ్తారు. మిగతా రెండింటికీ రోజు లెక్కన పనిచేసే కెమెరామెన్లను పంపుతారు. ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళలో యజమానిని మించిన పనివాళ్ళూ ఉంటారు. చిక్కల్లా, మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ముచ్చటపడిన ఫొటోలు తీసిన చెయ్యి ఒకటి, మీ ఇంటి పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన కెమెరా పట్టుకునే చెయ్యి మరొకటి కావడం. అందుకే స్టూడియో పేరు కన్నా ముందు, వచ్చే మనిషి పేరు అడగండి. ఆ మనిషి తీసిన పనే చూపించమనండి. మిగతా పోలికలన్నీ దీని తరువాతే.

నేను పెళ్ళి ఆల్బంల పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. తీసినవారి దగ్గర నుంచి పెళ్ళివారి ఇంటికి చేరే ముందు ఫొటోలన్నీ నా కంప్యూటర్‌ మీదుగానే వెళ్తాయి. అద్భుతమైన ఫొటోలు ఓ ఇరవై దాదాపు ప్రతి పెళ్ళిలోనూ ఉంటాయి. ఫొటోగ్రాఫర్లకూ ఫొటోగ్రాఫర్లకూ తేడా తెలిసేది మిగిలిన రెండు వేలల్లో.

ఒక పెళ్ళి మొత్తం చూడండి

మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు మంచి మంచి ఫొటోలు ఏరి కూర్చిన ఆల్బం మీ ముందు పెడతారు. దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, ఏదైనా ఒకే పెళ్ళి మొదటి నుంచి చివరి దాకా చూపించమని అడగండి. అది కూడా రాత్రి ముహూర్తం పెళ్ళి అయితే మేలు. పగటి వెలుగులో పెళ్ళికూతురిని చేసిన ఫొటోలు ఎవరు తీసినా బాగానే వస్తాయి. పసుపు, పూలు, ఎండ కలిసి సగం పని చేసిపెడతాయి. పని తెలిసిందీ లేనిదీ రాత్రి రెండు గంటలకు తేలుతుంది.

అలా చూసేటప్పుడు నేరుగా జీలకర్ర బెల్లం దగ్గరకు వెళ్ళండి. సుముహూర్తం అంటే అదే కదా. మధ్యలో అడ్డుతెర, ఇటు నుంచి ఒక చెయ్యి అటు తల మీద, అటు నుంచి ఒక చెయ్యి ఇటు తల మీద, చుట్టూ తల్లిదండ్రులు, మేనమామలు, పురోహితుడు. ఒక వైపు నుంచి తీస్తే ఒక్కరి ముఖమే దొరుకుతుంది. ఇద్దరి ముఖాలూ దొరకాలంటే ఇద్దరు మనుషులు తెరకు చెరో పక్క ముందుగానే చోటు చూసుకుని ఉండాలి. తెర దించిన తొలి చూపు సంగతీ అంతే, రెండోసారి రాదు. మంగళసూత్రం ముడి వేసేటప్పుడైతే “ఒక్కసారి ఇటు చూడండి” అని ఆపే కెమెరామెన్లు ఉన్నారు. అలాంటి ఫొటోలో వరుడు సూత్రాన్ని వదిలి లెన్సు వైపు చూస్తుంటాడు. అది కనిపిస్తే ఆ ఫొటోగ్రాఫర్‌ గురించి మీకు తెలియవలసింది తెలిసినట్టే.

తరువాత బట్టలు చూడండి. మధుపర్కాలు తెల్లనివి, అంచు ఎర్రనిదో పసుపుదో. వేదిక మీద పసుపు లైట్లు, పక్కన ఊదా రంగు అలంకరణ లైట్లు, ఎదురుగా వీడియో లైటు. ఇన్ని వెలుగుల మధ్య తెలుపు తెలుపుగా, ఒంటి రంగు ఒంటి రంగుగా రావడం తేలిక కాదు. మధుపర్కం నేత కనిపించకుండా తెల్లగా వెలిగిపోతోందా? పెళ్ళికూతురి ముఖం ఊదాగా ఉందా? వేదిక వెనుక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే, ఫొటోల్లో దాని మీద అడ్డంగా నల్లని చారలు పడ్డాయా? షట్టర్‌ వేగానికీ తెర మినుకుకూ పొత్తు కుదరకపోతే వచ్చే చారలు అవి. తెలిసిన మనిషి రెండు మూడు ఫొటోల్లోనే పసిగట్టి సరిచేసుకుంటారు. తెలియని మనిషి రాత్రంతా అలాగే తీస్తారు, వాటిని తుడిచే పని మా నెత్తిన పడుతుంది.

ఆఖరున అప్పగింతలు చూడండి. అప్పటికి కెమెరామెన్‌ తొమ్మిది పది గంటలుగా నిలబడి ఉంటాడు, భోజనం సరిగ్గా చేశాడో లేదో తెలియదు. ఆ వేళ తీసిన ఫొటోల్లో కూడా పదును ఉంటే, చెయ్యి వణకకుండా, చోటు చూసుకుని తీసి ఉంటే, ఆ మనిషిని వదులుకోకండి. (మీ పెళ్ళిలో వాళ్ళకు వేళకు భోజనం పెట్టించే బాధ్యత ఒకరికి అప్పగించండి. మర్యాద సంగతి అటుంచి, ఫొటోలకు మంచిది.)

ట్రెడిషనల్‌, కాండిడ్‌

ట్రెడిషనల్‌ ఫొటోగ్రాఫర్‌ వేదిక ఎదురుగా ఉండి, ఏ తంతూ వదలకుండా, వచ్చిన చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి తీస్తారు. కాండిడ్‌ ఫొటోగ్రాఫర్‌ పక్కల నుంచి, ఎవరూ గమనించనప్పుడు తీస్తారు. వీడియోలోనూ ఇదే విభజన: మొత్తం తంతును పొడవుగా పట్టేది ఒకటి, నాలుగైదు నిమిషాల పాటలాగా కత్తిరించే సినిమాటిక్‌ ఒకటి. ఇప్పుడు విశాఖలో ఇచ్చే ప్యాకేజీల్లో సాధారణంగా ఈ నాలుగూ కలిపే ఉంటాయి.

డబ్బు సరిపోయినప్పుడు ఎంపిక సమస్యే లేదు. ఒక్కరికే సరిపోతే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కాండిడ్‌ అంటారు, పెద్దవాళ్ళు ట్రెడిషనల్‌ అంటారు. నా ఓటు పెద్దవాళ్ళకే. కారణం నా పనిలో ఉంది. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో కాలం చేస్తే పటం కట్టించడానికి మనవాళ్ళు ఫొటో వెతికేది పెళ్ళి ఆల్బంలోనే. అప్పుడు కావలసింది ఎదురుగా నిలబడి, పట్టుపంచె సర్దుకుని, లెన్సు వైపు చూస్తున్న తాతగారు. చెట్టు కొమ్మల సందులోంచి సగం ముఖం మసకగా కనిపించే కళాఖండం కాదు. తంతు తెలిసి, కాస్త కన్ను కూడా ఉన్న ట్రెడిషనల్‌ ఫొటోగ్రాఫర్‌ దొరికితే నవ్వులూ కన్నీళ్ళూ కూడా పట్టగలరు. కాండిడ్‌ మాత్రమే చేసేవారికి రెండు వందల మంది బంధువులను వరసపెట్టి నిలబెట్టే ఓపిక ఉండదు, ఉండాలని కోరుకోవడమూ న్యాయం కాదు. కొద్దిమందే హాజరయ్యే చిన్న పెళ్ళి, రిజిస్టర్‌ పెళ్ళి అయితే మాత్రం నా మాట పట్టించుకోకండి, కాండిడ్‌ తీసుకోండి.

తంతు తెలియడం అన్నాను. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ ఒడియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాల పెళ్ళిళ్ళూ, చర్చి పెళ్ళిళ్ళూ, నిఖాలూ జరుగుతూనే ఉంటాయి. వరుడిది ఒక ఆచారం, వధువుది మరొకటి అయితే రెండింటిలో ఏది ఎప్పుడు వస్తుందో రాసి ఫొటోగ్రాఫర్‌కు ముందే ఇవ్వండి. తెలుగు పెళ్ళికైనా సరే, మీ ఇంట్లో స్నాతకం ఉందా, కాశీయాత్ర ఉందా, స్థాలీపాకం ఎప్పుడు, బిందెలో ఉంగరం ఆట ఉందా అన్నది కాగితం మీద ఉంటే మంచిది.

రెండు పక్షాల కెమెరాలు

ఇక్కడ ఎక్కువ మంది ఆలోచించని చిక్కు ఒకటుంది. అమ్మాయివాళ్ళు ఒక ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడుకుంటారు, అబ్బాయివాళ్ళు మరొకరిని. ఒక్కో వైపు నలుగురు చొప్పున ఎనిమిది మంది కెమెరాలతో మండపం చుట్టూ చేరితే, అక్షింతలు వేయడానికి వచ్చిన చుట్టాలకు వాళ్ళ వీపులు తప్ప మరేమీ కనిపించవు. ఒకరి ఫొటోలో మరొకరి మోచెయ్యి. ఒకరి ఫ్లాషు మరొకరి వీడియోలో మెరుపు. రెండు ఆల్బంలకూ ఖర్చు, రెండింటిలోనూ అవే ఫొటోలు.

వియ్యంకులు మొహమాటపడకుండా ముందే మాట్లాడుకుంటే సగం ఖర్చుతో మంచి పని వస్తుంది. ట్రెడిషనల్‌ ఒకరి వైపు నుంచి, కాండిడ్‌, సినిమాటిక్‌ మరొకరి వైపు నుంచి పెట్టుకుని, తరువాత హార్డ్‌ డిస్కులు మార్చుకోవచ్చు. మార్చుకుంటామన్న సంగతి ఇద్దరు ఫొటోగ్రాఫర్లకూ ముందే చెప్పి, ఒప్పించి ఉంచాలి. పెళ్ళయ్యాక అడిగితే కుదరదంటారు. పరువు కోసం ఎవరి కెమెరాలు వారికి ఉండాలనే ఇళ్ళు ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. కనీసం మండపం మీద ఒక్కో పక్షానికి ఇద్దరే అన్న కట్టుబాటు పెట్టండి.

హైదరాబాద్‌ బృందమా, ఊళ్ళోవాళ్ళా?

హైదరాబాద్‌ నుంచి రప్పిస్తే ప్రయాణం, బస, భోజనం మీవే. అంతకన్నా పెద్ద సంగతి, సీజన్లో వాళ్ళు ముందు రోజు మరో ఊళ్ళో పెళ్ళి ముగించుకుని, నిద్ర లేకుండా మీ దగ్గరకు వస్తారు. సినిమాటిక్‌ వీడియోలో వారిది ప్రత్యేకమైన శైలి, అదే కావాలి అనుకుంటే దానికి మాత్రం రప్పించండి. ఫొటోలకు నేను ఊళ్ళోవారినే అంటాను. ఈ సముద్రపు గాలిలో ఏసీ గదిలోంచి కెమెరా బయటకు తెచ్చిన మరుక్షణం లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఇక్కడివాళ్ళు అరగంట ముందే కెమెరాలు బయటపెట్టి ఉంచుతారు. ఎదుర్కోలు మొదలయ్యాక లెన్సు తుడుచుకుంటూ నిలబడే అతిథి బృందాల ఫొటోలు నా దగ్గరకు మసక మసకగా వస్తుంటాయి.

ఉత్తరాంధ్రలో చాలా కుటుంబాలకు అబ్బాయి ఇంట పెళ్ళి చేయడం ఆనవాయితీ. పెళ్ళి విజయనగరం వైపో శ్రీకాకుళం వైపో పల్లెలో, వీధి పందిట్లో అయితే ఆ చుట్టుపక్కల ఫొటోగ్రాఫర్ల పని కూడా తప్పక చూడండి. పందిట్లో వెలుగు ఎలా ఉంటుందో, కరెంటు పోతే ఏం చేయాలో వారికి తెలుసు. దుకాణం అద్దె తక్కువ కాబట్టి అడిగే డబ్బూ తక్కువగానే ఉంటుంది.

సముద్రం, సూర్యుడు, డ్రోను

పెళ్ళికి ముందు తీసే ఫొటోల సంగతి కొంచెం చెప్పాలి. బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటో కావాలని అడిగే జంటలు ఉన్నారు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి వెళ్ళిపోతాడు. రుషికొండలోనో భీమిలిలోనో బంగారు వెలుగు కావాలంటే మే నెలలో ఐదున్నర లోపు, జనవరిలో ఆరున్నర ప్రాంతానికి ఇసుక మీద సిద్ధంగా ఉండాలి, అంటే అలంకరణ మూడు గంటలకు మొదలవ్వాలి. సాయంత్రం ఐదింటికి వస్తే బంగారం దొరుకుతుందని చెప్పే ఫొటోగ్రాఫర్‌ను రెండో ప్రశ్న అడగనక్కర్లేదు.

అరకు వెళ్ళేవారు వలిసె పూల కాలం అడిగి తెలుసుకోండి. వానలు తగ్గాక చలికాలం మొదట్లో పొలాలు పసుపు పచ్చగా ఉంటాయి. అది రైతు పంట, అడిగి దిగండి. లంబసింగి, వంజంగిల మంచు తెల్లవారుజామునే, ఎండ ఎక్కితే ఏమీ మిగలదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు భౌగోళిక వారసత్వ సంపద. వాటి అంచుల మీద ఎక్కి నిలబడే ఫొటోలు తీయించుకోకండి, కాలు పెట్టినప్పుడల్లా అవి రాలిపోతున్నాయి. తొట్లకొండ, కైలాసగిరి లాంటి చోట్ల అనుమతి, రుసుము ఎవరు చూసుకుంటారో ముందే తేల్చుకోండి. సింహాచలంలో పెళ్ళి అయితే కెమెరాను ఎక్కడి దాకా రానిస్తారో దేవస్థానం కార్యాలయంలో మీరే కనుక్కోండి, “మాకు తెలిసినవాళ్ళు ఉన్నారండీ” అన్న మాట మీద ఆధారపడవద్దు.

డ్రోను విషయంలో విశాఖ మిగతా ఊళ్ళ లాంటిది కాదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉంది, నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్‌ డేగా ఉన్నదీ ఊళ్ళోనే. 2021 డ్రోన్‌ నిబంధనల ప్రకారం ఆకాశం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించి ఉంటుంది. డ్రోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ‘డిజిటల్‌ స్కై’ వెబ్‌సైట్‌ పటంలో మీ కల్యాణ మండపం ఏ మండలంలో పడుతుందో చూపించమని అడగండి. ఎరుపైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాములు మించిన డ్రోనును సంపాదన కోసం ఎగరేసేవారికి పైలట్‌ ధ్రువపత్రం ఉండాలి. ప్యాకేజీలో డ్రోను ఉందని మురిసిపోయేవారు ఈ రెండూ అడగరు. ఊళ్ళో పెళ్ళి అయితే డ్రోను తీసేసి, ఆ డబ్బుతో తెరకు రెండో పక్క నిలబడే ఫొటోగ్రాఫర్‌ను పెట్టించుకోవడం తెలివైన పని.

లైవ్‌ గురించి ఒక్క మాట. రాత్రి పదిన్నర ముహూర్తమంటే అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం, చుట్టాలు చూస్తారు. కానీ డీజే సినిమా పాటలు వేస్తుంటే హక్కుల కారణంగా యూట్యూబ్‌ ఆ ప్రసారాన్ని ఆపేయవచ్చు. తంతు జరిగేంతసేపు సన్నాయి చాలు.

కొటేషన్లను ఎలా పోల్చాలి

మూడు కొటేషన్లు ముందు పెట్టుకుంటే మూడూ మూడు భాషల్లో ఉన్నట్టుంటాయి. ఒకరు “పూర్తి కవరేజీ” అంటారు, మరొకరు “మూడు కార్యక్రమాలు” అంటారు. అన్నింటినీ మనిషి-రోజుల్లోకి మార్చండి. నలుగురు మూడు రోజులు వస్తే పన్నెండు. ముగ్గురు రెండు రోజులూ, ఒకరు ఒక రోజూ వస్తే ఏడు. మొత్తం లోంచి ఆల్బం, ఎల్‌ఈడీ తెర, డ్రోను, లైవ్‌ ఖర్చులు తీసేసి మిగిలినదాన్ని ఆ సంఖ్యతో భాగించండి. అప్పుడు తక్కువ అనిపించిన కొటేషన్‌ ఒక్కోసారి ఎక్కువదిగా తేలుతుంది. రోజు అంటే ఎన్ని గంటలో కూడా అడగాలి. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైతే అది ఏ తేదీ లెక్కలోకి వస్తుందన్న దాని మీద తగాదాలు జరుగుతుంటాయి. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? 18 శాతం అంటే చిన్న మొత్తం కాదు.

ఆల్బం దగ్గర ‘షీట్లు’, ‘పేజీలు’ వేరు. ఒక షీటు అంటే రెండు పేజీలు. పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాల ఆల్బంలో నలభై షీట్లు అంటే ఒళ్ళో పెట్టుకుని చూడలేనంత బరువు. నన్నడిగితే ముప్పై చాలు, ఒక్కో షీటులో ఫొటోలు తగ్గించండి. పేజీకి పదిహేను ముఖాలు ఇరికించి, వెనుక తాజ్‌మహల్‌ పెట్టమని అడిగేవారు తగ్గారు గానీ పూర్తిగా పోలేదు.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఫొటోల భద్రత. కెమెరాలో రెండు మెమరీ కార్డులు ఉంటాయా, రెండింటిలోనూ ఒకేసారి రికార్డు అవుతుందా? పెళ్ళి ముగిసిన రోజే ఎన్ని చోట్లకు నకలు తీస్తారు? సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కే వీడియో గంటకు 45 గిగాబైట్లు తింటుంది. ఆరు గంటలకు 270. మీరు కొనిచ్చిన ఒక్క హార్డ్‌ డిస్కులోనే అన్నీ వేసి, కార్డులు ఖాళీ చేసి, మరునాడు మరో పెళ్ళికి వెళ్ళిపోయే అలవాటు ఉన్నవారు ఎంత బాగా తీసినా నేను సిఫారసు చేయను. పని చూపించేటప్పుడు ఈ ప్రశ్న అడిగి చూడండి. జాగ్రత్త గలవారు సంతోషంగా వివరిస్తారు, మిగతావారు చిరాకుపడతారు.

కాగితం మీద ఏముండాలి

వచ్చే మనుషుల పేర్లు. వారిలో ఒకరు రాలేకపోతే ఎవరు వస్తారన్నది. ఆల్బం, వీడియో ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం. కార్తికంలో పెళ్ళి అయితే వాన సంగతి కూడా రాయించండి. 2014 అక్టోబర్‌ 12న హుద్‌హుద్‌ తాకిన ఊరు ఇది. తుపాను వల్ల తేదీ మారితే అడ్వాన్సు పోతుందా, కొత్త తేదీకి చెల్లుతుందా?

హక్కుల మాట చాలామందికి తెలియదు. కాపీరైట్‌ చట్టం, 1957 లోని 17వ సెక్షన్‌ ప్రకారం, మీరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకూ వీడియోకూ తొలి హక్కుదారులు మీరే, వేరే ఒప్పందం లేకపోతే. కాబట్టి సంతకం పెట్టే కాగితంలో ఆ ‘వేరే ఒప్పందం’ చిన్న అక్షరాల్లో ఉందేమో చదవండి. ప్రచారానికి వాడుకోవడంలో తప్పు లేదు, మిమ్మల్ని అడిగి వాడుకోవాలి. ముఖ్యంగా మంగళస్నానాల ఫొటోలూ పిల్లల ఫొటోలూ.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి: కొంత అడ్వాన్సు, కొంత పెళ్ళి నాడు, మిగతాది ఆల్బం, ఎడిట్‌ చేసిన వీడియో చేతికి వచ్చాక. ఫొటోలన్నీ ఉన్న హార్డ్‌ డిస్కు మాత్రం రెండో విడతతోనే అడిగి తీసుకోండి. పెళ్ళినాడే మొత్తం ఇచ్చేసిన ఇళ్ళవాళ్ళు బారసాల నాటికి కూడా ఆల్బం కోసం ఫోన్లు చేస్తుండడం నేను వింటూనే ఉంటాను. చేసిన చెల్లింపుకు రసీదు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి ఉంటుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

ఇవన్నీ మాట్లాడుకోవడానికి ఆషాఢం మంచి కాలం. ముహూర్తాలు ఉండవు, ఫొటోగ్రాఫర్లు దుకాణంలోనే ఉంటారు, ఒక పెళ్ళి మొత్తం కూర్చోబెట్టి చూపించే తీరిక వారికీ ఉంటుంది, బేరానికి వీలూ ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే ఫోను ఎత్తేది యజమాని తమ్ముడు, అతను చెప్పేది మళ్ళీ టీము ఉంటుందనే.